రెండు పొయ్యిల ప్రమాణం

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక రాజ్యం. ఏరు పేరు వేగవతి, రాజ్యం పేరు పూలకోట, దాన్ని ఏలే రాజు పేరు ధవళసేనుడు. ఏరు మంచిదే, రాజూ మంచివాడే. కాని ఒక ఏడు ఏటికి కోపం వచ్చింది.

వరద ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయింది. గోడలు కూలాయి, కప్పులు కొట్టుకుపోయాయి. జనం చెట్ల కింద చేరి పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

రాజు బొక్కసం తలుపులు తెరిపించాడు. "ఇల్లు తాకట్టు పెట్టండి, అప్పు తీసుకోండి, మళ్ళీ కట్టుకోండి. మీరు కాపురముండే ఇంటికి సగం వడ్డీ చాలు. అద్దెకిచ్చుకునే ఇంటికీ, షోకుకు కట్టుకునే ఇంటికీ నిండు వడ్డీ కట్టాలి" అని చాటింపు వేయించాడు.

మరి ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో తెలిసేదెలా? అందుకు ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు పెట్టారు. దాన్ని పొయ్యి ప్రమాణం అనేవారు. ఇరుగుపొరుగుల ఎదుట పొయ్యి గట్టు మీద అరచేయి ఆనించి, "ఈ పొయ్యి నాది, నా కూడు ఇక్కడే ఉడుకుతుంది" అని చెప్పాలి. మనిషికి ఒకటే ప్రమాణం, ఒకటే పొయ్యి. పొయ్యి మీద చేయి పెట్టి అబద్ధమాడితే అన్నం అరగదని వాళ్ళ నమ్మకం.

ఈ కట్టుబాటు రాసినవాడు పోలనామాత్యుడు. రాజుగారి కొలువులో తీర్పరి ఆయనే. నిలువెత్తు మనిషి, తెల్లటి గడ్డం, గంభీరమైన గొంతు. తప్పు చేసినవాడు ఎదుట నిలబడితే చాలు, అడగకముందే ఒప్పేసుకునేవాడు. "పొయ్యి ఒకటే, నాలుక ఒకటే" అనేవాడాయన. పిల్లలు కూడా ఆ మాటను ఆటల్లో పాడుకునేవారు.

ఇంత పెద్దమనిషికి ఒక చిన్న బుద్ధి పుట్టింది. ఏమని చెప్పను!

కోటలో ఆయనకు మేడ ఉంది. అది వరదకు నెర్రెలిచ్చింది. ప్రమాణం చేసి సగం వడ్డీకి అప్పు తీసుకుని బాగు చేయించుకున్నాడు. బాగానే ఉంది. ఆ తరువాత ఏటికి అవతల ఇసుకరేవు అనే ఊళ్ళో గాలి కోసమని అప్పు తీసుకుని ఇంకో ఇల్లు కట్టుకున్నాడు. దానికి నిండు వడ్డీ కట్టాలి. కట్టలేకా? సగం వడ్డీ తగ్గితే మిగిలేది ఆయనింట్లో ఏడాది నేతి ఖర్చుకు కూడా రాదు. అయినా చేయి ఊరుకోలేదు. ఆ పొయ్యి మీద కూడా అరచేయి పెట్టి, "నా కూడు ఇక్కడే ఉడుకుతుంది" అన్నాడు. రేవులోని ఇరుగుపొరుగు అంతటి అమాత్యుణ్ణి కాదనలేక తలలూపారు. కంచే చేను మేసింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకనాడు నిండు కొలువులో కోట పెద్ద నాగరసు లేచి నిలబడ్డాడు. ఈ నాగరసుకు తీర్పరి పదవి మీద ఎప్పటినుంచో కన్ను.

"మహారాజా, పోలనామాత్యులవారు రెండు పొయ్యిల మీద ప్రమాణం చేశారు. నేను రేవులో పడవ దిగుతూ చూశాను. పొద్దున్నే ఊరంతటి మీదా పొగ ఉంది, ఆయన ఇంటి మీద మాత్రం లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. అక్కడ రెండూ లేవు" అన్నాడు.

కొలువంతా గుసగుసలు.  పోలనామాత్యుడు నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. నోటి దాకా వచ్చింది కూడా. కాని అందరూ తననే చూస్తున్నారు. ఆ చూపుల్లో ఇన్నేళ్ళ గౌరవం ఉంది. దాన్ని వదులుకోవడానికి మనసు రాలేదు.

"మహారాజా, నాగరసుకు నా ఆసనం కావాలి. అందుకే ఈ నింద" అన్నాడు, గొంతు తగ్గకుండా.

అది నిజమే కదా మరి! నాగరసు సంగతి అందరికీ తెలుసు. కొలువులో సగం మంది "నిజం, నిజం" అన్నారు. చూశారా పిల్లలూ, ఎదుటివాడి బుద్ధి మంచిది కాదని చెప్పి తన తప్పు నుంచి తప్పించుకోవడం ఎంత తేలికో. అడిగినవాడు చెడ్డవాడే అయినా, అడిగిన మాటకు జవాబు రాలేదు. అది ఎవరికీ తట్టలేదు. ఒక్క పోలనామాత్యుడికే తెలుసు.

రాజు మాత్రం, "మాట వచ్చింది కనుక చూడాలి. రేపు మధ్యాహ్నం మనుషులు వెళ్ళి ఆ పొయ్యిని చూసి వస్తారు" అన్నాడు.

ఇంటికి వచ్చిన మొగుడి ముఖం చూసి అక్కమాంబ సంగతి పసిగట్టింది. ఆవిడ ఆయన భార్య, మాట మెత్తగా ఉంటుంది కాని తిన్నగా తగులుతుంది.

"ఏమండీ, రాజుగారితో ఉన్నమాట చెప్పేయండి. వడ్డీ కట్టేద్దాం. తప్పయిందంటే తల తెగిపోతుందా?"

"నువ్వు ఊరుకో. ఇదేమంత తప్పు? ఊళ్ళో ఎంతమంది చేయలేదు?"

"చేసినవాళ్ళకు తీర్పు చెప్పింది మీరే కదా" అంది ఆవిడ. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే పోలనామాత్యుడు ఒక్కడే పడవెక్కాడు. నౌకరును తీసుకెళ్తే నోరు జారుతాడని భయం. చంకలో బియ్యం మూట, భుజాన కట్టెలు, చేతిలో నిప్పుల కుండ. పల్లకీ దిగి నడవని మనిషి, తేలు కుట్టిన దొంగలాగా రేవు వీధుల్లో పక్కలు చూసుకుంటూ నడిచాడు.

తలుపు తీసి వంటింట్లోకి వెళితే ఏముంది, పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. ఒకటి కాదు, పక్కన దాని పిల్లలు కూడా. చల్లటి బూడిద మీద హాయిగా కాళ్ళు చాపుకుని ఉన్నాయి.

"ఛీ ఛీ, లే!" అన్నాడు.

పిల్లి ఒక కన్ను తెరిచింది. "తమరెవరు?"

"ఈ ఇంటి యజమానిని."

"అయ్యో, తెలియలేదు. ఎప్పుడూ చూడలేదు కదా. నేను ఇక్కడే ఈనాను, నా పిల్లలు ఇక్కడే కళ్ళు తెరిచాయి. మరి ఈ పొయ్యి మీద ప్రమాణం చేసిన పుణ్యాత్ముడు తమరేనా? న్యాయానికి ఆ ప్రమాణం నేను చేయాల్సింది" అంది. అని, ఒక్కొక్క పిల్లనే మెడ పట్టుకుని గోడ అవతలికి మోసుకుపోయింది. ఆయన కట్టెలు పట్టుకుని, అది పని ముగించేదాకా నిలబడ్డాడు. 

పొయ్యి రాజేయడం ఆయనకు వస్తే కదా! ఊదాడు, దగ్గాడు. గడ్డం నిండా బూడిద. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎట్టకేలకు మంట అంటుకుంది, ఎసరు మరిగింది.

రాజుగారి మనుషులు వచ్చేసరికి అన్నం కుతకుతమంటోంది. వాళ్ళలో పెద్దాయన పేరు కాచయ్య. పోలనామాత్యుడి తీర్పులు వింటూ ముసలివాడైనవాడు. పొయ్యిని చూశాడు, గట్టు మీద చేయి పెట్టాడు. వేడిగా ఉంది. వెంటనే రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, తమరి మీద అనుమానంతో తమ వంటింట్లోకి వచ్చాం. సిగ్గుగా ఉంది. మన్నించండి" అన్నాడు. 

ఆ మాట పోలనామాత్యుడికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. సిగ్గుపడాల్సినవాడు తనైతే, తన బదులు ఆ ముసలాయన పడుతున్నాడు. "ఫరవాలేదు, ఫరవాలేదు" అని గొణిగాడు. 

మర్నాడు కొలువులో రాజు స్వయంగా లేచి పోలనామాత్యుడి మెడలో పూలమాల వేశాడు. నాగరసు కుక్కిన పేనులాగా కూర్చున్నాడు. జనం జేజేలు కొట్టారు. ప్రతి జేజేకూ ఆయన తల ఇంకొంచెం వంగింది. "ఎంత వినయం!" అనుకున్నారు చూసినవాళ్ళు. వినయమట! నేల చీలి మింగేస్తే బాగుండునని ఉంది ఆయనకు.

ఇంతలో భటులు ఒక ఆడమనిషిని తీసుకొచ్చి తీర్పరి ఆసనం ముందు నిలబెట్టారు. పేరు సిద్దమ్మ. వెదురు తట్టలు అల్లి అమ్ముకుంటుంది. చేతులనిండా వెదురు కోసిన గాట్లు.

"ఈమె రెండు పొయ్యిల మీద ప్రమాణం చేసింది" అన్నాడు భటుడు.

 పోలనామాత్యుడు ఆసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"నిజమేనా అమ్మా?"

"నిజమే అయ్యా."

"ఎందుకు చేశావు?"

"ఒకటి నా ఇల్లు. రెండోది మా తమ్ముడిది. వాడు మంచాన పడ్డాడు, లేచి పొయ్యి దాకా రాలేడు. కప్పు లేకపోతే తడిసి చస్తాడని వాడి పొయ్యి మీద నేనే చేయి పెట్టాను. పొద్దున మా ఇంట్లో వండుతాను, సాయంత్రం వాడింట్లో వండుతాను. అందుకని అబద్ధం కాదనుకున్నాను. కాని కట్టుబాటు ఒకటే పొయ్యి అంటోంది కదయ్యా. తప్పు తప్పే."

అంతే. ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు. ఎవరినీ నిందించలేదు.

కట్టుబాటు ప్రకారం శిక్ష ఏమిటో కొలువులో అందరికీ తెలుసు. తాకట్టు పెట్టిన ఇల్లు బొక్కసానికి పోతుంది. పొయ్యిలో నీళ్ళు పోసి ఆర్పేస్తారు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ బూడిద కింద నిప్పు దాచుకునేవారు. శిక్ష పడ్డవాళ్ళకు ఏడాది పాటు ఆ హక్కు ఉండదు. రోజూ పొద్దున్నే పెంకు పట్టుకుని ఇరుగింటికి వెళ్ళి నిప్పు అడుక్కోవాలి.

"తీర్పు చెప్పండి, అమాత్యా" అన్నాడు రాజు.

శిక్ష వేస్తే ఆ తమ్ముడు మళ్ళీ వానలో పడతాడు. వదిలేస్తే తన తప్పు కోసమే వదిలాడని తనకు తెలుసు. పోలనామాత్యుడు నోరు తెరిచాడు. "పొయ్యి ఒకటే..." అన్నాడు. మిగతా మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు.

ఆమె రెండు పొయ్యిలూ ఊది ఊది రెండు కడుపులు నింపింది. తను ఒక పొయ్యిని ఒక్క పూట ఊదింది అబద్ధాన్ని ఉడికించడానికి. ఇంత ఆలోచన వచ్చాక ఆ ఆసనం మీద ఇక కూర్చోలేకపోయాడు.

లేచాడు. మెడలోని పూలమాల తీసి ఆసనం మీద పెట్టాడు. మెట్లు దిగి వచ్చి, సిద్దమ్మ పక్కన, తప్పు చేసినవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాడు.

"మహారాజా, నాగరసు చెప్పింది నిజం. ఇసుకరేవు పొయ్యిలో పిల్లి కాపురముంది. నిన్న దాన్ని వెళ్ళగొట్టి నేనే మంట పెట్టాను. కాచయ్యను మోసం చేశాను, తమరిని మోసం చేశాను. ఈ తల్లికి తీర్పు చెప్పే ముఖం నాకు లేదు. ఆమె తరువాత నా వంతు."

కాచయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. అందరిలోనూ ఆ ఒక్క తల తిరగడమే పోలనామాత్యుడికి భరించరానిదైంది.

నాగరసు మాత్రం గబుక్కున లేచాడు. "మహారాజా, ఆసనం ఖాళీ అయింది కనుక..."

"తప్పకుండా. ముందు మీ ఇంటి పొయ్యి మీద చేయి పెట్టి, తమకు ఒకటే పొయ్యి అని ప్రమాణం చేయండి. ఇప్పుడే వెళ్దాం" అన్నాడు రాజు.

నాగరసు తడబడ్డాడు. "మా... మా ఆవిడను ఒకమాట అడిగి చెప్తాను, మహారాజా" అని కూర్చున్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అప్పుడు రాజే తీర్పు చెప్పాడు. "సిద్దమ్మా, లేవలేనివాడి తరఫున అక్క చేయి పెట్టవచ్చునని కట్టుబాటులో రాయకపోవడం మా తప్పు. నీ రెండు పొయ్యిలూ చల్లారకుండా ఉండుగాక. అమాత్యా, మీరు రాసిన శిక్షే మీకు." తీర్పు చెబుతూ రాజు కంటతడి పెట్టాడు. 

ఇసుకరేవు ఇల్లు బొక్కసానికి పోయింది. పదవి పోయింది. మేడలో పొయ్యి మీద నీళ్ళు పోశారు.

మొదటి రోజు పొద్దున్నే ఆయన పెంకు పట్టుకుని పక్కింటి గడప ముందు నిలబడ్డాడు.  ఆ ఇంటి ముసలమ్మ తలుపు తీసి చూసి, కొంగు సర్దుకుని, ఎప్పటిలాగే పక్కకు ఒదిగి నిలబడింది.

"ఏం కావాలి అయ్యగారూ?"

"నిప్పమ్మా... కాస్త నిప్పు."

ఆవిడ రెండు నిప్పులు పెంకులో వేసి, "గాలికి ఆరిపోతుంది, చేయి అడ్డం పెట్టుకోండి" అంది. అంతే.

ఇంటికి వచ్చాక అక్కమాంబ పెంకు అందుకుంది. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంకా అయ్యగారూ అనే పిలిచింది" అని ఆయన గడప మీద కూర్చుండిపోయాడు.

ఆవిడ పొయ్యి రాజేసింది. "పోనీ, రేపు నన్ను వెళ్ళమంటారా?" అంది.

"వద్దు. ఇది నా సిగ్గు. రేపూ నేనే వెళ్తాను" అన్నాడు పోలనామాత్యుడు.

నీతి: తప్పును కప్పిపుచ్చి పొందిన గౌరవంకన్నా, తప్పు ఒప్పుకుని పడ్డ సిగ్గే మనిషిని నిలబెడుతుంది.