చెంగవ్వ ఆపేసిన పాట

అనగనగా, కొండ కింద ఒక ఊళ్ళో, చుక్కల్ని చూసి పాట పాడే చెంగవ్వ అని ఒక అవ్వ ఉండేది. ఇటు జరుగు బంగారూ, దుప్పటంతా నువ్వే లాక్కోకు, చెప్తా.

ఆ ఊరికంతా ఒకటే కాలవ. పగలు ఆ నీళ్ళు పై ఊరివాళ్ళవి, రాత్రి వీళ్ళవి. గడియారాలు లేవాయె! మరి ఎవరి వంతు ఎప్పుడో ఎట్లా తెలియాలి? చుక్కలే చెప్పాలి. పిల్లలకోడి చుక్కలు గుంపుగా కొండమీదికి వస్తే ఒకరి వంతు. ఆ తర్వాత గొల్లకావిడి, మూడు చుక్కలూ వరసగా వస్తే ఇంకొకరి వంతు. ఆ తర్వాత ముసలమ్మ మంచం, కోళ్ళలాంటి నాలుగు చుక్కలూ పైకొస్తే మరొకరిది. వంతు వచ్చినవాళ్ళు పార భుజాన వేసుకుని వెళ్ళి, నీళ్ళు తమ మిరపతోటలోకి తిప్పుకోవాలి.

చెంగవ్వ మిద్దెమీద కూర్చుని చుక్కల్ని కనిపెట్టేది. ఏ చుక్క వస్తే ఆ చుక్క పాట ఎత్తుకునేది. వాళ్ళమ్మ నేర్పిన పాటలవి. ఆమెకి మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఆ పాటే తోడు. అందులో పిల్లలకోడి పాటంటే ఊరందరికీ ప్రాణం.

పిల్లలకోడి వచ్చె కొండ మీదికి,
తెల్లని గింజలేరె దిక్కు దిక్కునా,
చల్లని గాలి వీచె చెట్టు చాటున,
తల్లి రెక్కల కింద పిల్లలొదిగెనే.

ఎంత హాయిగా ఉందో చూశావా? అదే వచ్చింది తంటా. ఆ ఏడు చలి ముదిరింది. ఒంటిమీద కంబళి వెచ్చగా ఉంటే, చెవిలో ఆ పాట పడితే, లేవబుద్ధి ఎవరికవుతుంది?

మొదటి రోజు ఓబన్న నిద్రపోయాడు. నీళ్ళు పక్క తోటలోనే నిలబడిపోయాయి, అతని మొక్కలు వాడిపోయాయి. మర్నాడు అక్కులమ్మ నిద్రపోయింది. ఆమె తోటా అంతే. ఆ మర్నాడు ఊరిపెద్ద గంగిరెడ్డి వంతు. ఆయన గురక పై ఊరిదాకా వినపడిందట.

తెల్లారేసరికి గంగిరెడ్డి మండిపడుతూ వచ్చాడు. తను కూడా నిద్రపోయాడుగా, ఆ ఉక్రోషం మరి.

"చెంగవ్వా, నీ పాట మా కొంపలు ముంచుతాంది. ఈ పొద్దునుంచి నువ్వు నోరు తెరవొద్దు. చుక్క పొడిస్తే తప్పెట కొట్టిస్తా."

పాట పోతే చెంగవ్వకి ఇంకేముంది చెప్పు? కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రాత్రి తప్పెట కొట్టారు. అబ్బో, ఏం చెప్పను! ఉయ్యాల్లో పిల్లలు గుక్కపట్టారు, ఆవులు పలుపులు తెంపుకున్నాయి. నీళ్ళయితే తిరిగాయి గానీ ఊళ్ళో ఒక్కరికీ కంటిమీద కునుకు లేదు. అప్పుడు ఆడవాళ్ళంతా కలిసి గంగిరెడ్డి ఇంటిమీదికి పోయారు.

"సరే," అన్నాడు గంగిరెడ్డి, కళ్ళు నులుముకుంటూ. "ఈ ఒక్క రాత్రి పాడమనండి. వంతుకు లేవకుండా ఒక్కరు పండుకున్నా, అదే ఆఖరి పాట."

ఆ రాత్రి పిల్లలకోడి వచ్చింది. వంతు మళ్ళీ ఓబన్నదే. మిద్దెమీంచి చూస్తే వాకిట్లో అతని మంచం కనిపిస్తోంది. చెంగవ్వ గబగబా పాడింది. ఓబన్న తల వాలింది. అప్పుడు గొంతు పెంచి పాడింది. ఓబన్న కాళ్ళు చాపాడు. "ఒరే ఓబన్నా, నా పాట మింగొద్దురా" అనుకుంటూ మూడోసారి ఎత్తుకుంది. గింజలేరడం అయింది, గాలి వీచడం అయింది, ఇక తల్లి రెక్కలు అనబోతుంటే దోమొకటి పోయి గొంతులో పడింది! దగ్గు తెర వచ్చి పాట ఆగిపోయింది.

అప్పుడు ఓబన్న దిగ్గున లేచి కూర్చున్నాడు.

"అవ్వా, పిల్లలు రెక్కల కిందికి వచ్చినాయా లేదా?"

ఆ తర్వాత అక్కులమ్మ అడిగింది. ఆ తర్వాత గంగిరెడ్డే తలుపు తీసుకుని బయటికొచ్చాడు. "చలిలో పిల్లల్ని వదిలేస్తే ఎట్లా చెంగవ్వా? ముగించు!"

చెంగవ్వ ముసిముసిగా నవ్వుకుంది.

"నేను పాడను. ఓబన్నా, నీళ్ళు తిప్పుకుని, కాలవగట్టుమీంచి ఆ ముక్క నువ్వే పాడు. అందాకా పిల్లలు బయటే!"

పడుతూ లేస్తూ పరిగెత్తాడు ఓబన్న. కాసేపటికి కాలవ వైపునించి వినపడింది. గొంతు బొంగురే, రాగం ఎటో పోయింది. అయినా తల్లి రెక్కల కింద పిల్లలొదిగాయి. ఊరంతా హమ్మయ్య అనుకుని కళ్ళు మూసింది.

ఇన్నేళ్ళూ ఒక్కతే పాడుకున్న చెంగవ్వకి, చీకట్లోంచి బదులొచ్చింది. ఎంత సంతోషమయిందో! కళ్ళు తుడుచుకుని, గొల్లకావిడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

చుక్కలన్నీ మింటికి,
నిద్ర వచ్చె కంటికి,
కథ వెళ్ళె కంచికి,
మనమేమో...

ఏదీ, ఆ ముక్క నువ్వు చెప్పు. చెప్పవా? ఓహో, పడుకున్నావూ! సరేలే తల్లీ, నేనే అంటాను.

మనమేమో ఇంటికి.