అతిథికి ఖాళీ డిస్కు

సుచరితకు ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రంలోగా బీడీ కార్మికుల ప్రత్యేక సంచిక ప్రెస్సుకు చేరాలి. చేరకపోతే మిషను మీదికి ఎమ్మెల్యేగారి పుట్టినరోజు పోస్టర్లు ఎక్కుతాయి. ఆడవాళ్ల పత్రిక ఎన్నాళ్లయినా ఆగగలదని ప్రెస్సు ఓనరుకు గట్టి నమ్మకం.

కర్నూలులోని ఆ పత్రికాఫీసులో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పాతకాలంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప నడవదు. అందుకని కొత్త కంప్యూటర్ లోపలే ఒక వర్చువల్ కంప్యూటర్ కట్టి, ఆ పాత సిస్టమ్‌ని అందులో అతిథిగా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిందీ, సుచరితకు ఈ విద్య నేర్పుతున్నదీ జమీలాపా, అంటే జమీలక్క.

పొద్దున ఆపా రాకముందే, మెప్పు కొట్టేద్దామని, సుచరిత అతిథి వాడే వర్చువల్ డిస్కును వేగంగా నడిచే కొత్త రకానికి మార్చేసింది. అప్పట్నుంచీ అతిథిని లేపితే చాలు, నీలం తెర వేసి పడిపోతోంది. ఆ రకం డిస్కును గుర్తుపట్టే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, తన దగ్గర లేదని గోల.

"ముసలి మొద్దు! ఇంత మంచి డిస్కిస్తే గుర్తుపట్టదేం? చెరిపేసి మొదట్నుంచీ వేస్తా ఆపా."

"వెయ్. మరి పేజీలు?"

సుచరిత మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. పేజీలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి.

ఆపా పడీపడీ నవ్వింది. "కోడల్ని వచ్చిన రోజే నలభైమందికి వండమని, కూర మాడితే పిల్లకేమీ రాదనే అత్తగారిలా ఉన్నావే! జరుగు."

ఆపా డిస్కును మళ్లీ పాత రకానికి మార్చింది. అతిథి కిక్కురుమనకుండా లేచి కూర్చుంది.

"అంటే కొత్తది దీనికి అచ్చిరాదంతేనా?" సుచరిత మూతి ముడిచింది.

ఆపా అతిథిని ఆపి, కొత్త రకంలోనే ఓ బుల్లి ఖాళీ డిస్కు తయారుచేసి, పాత రకంలోనే ఉన్న పెద్ద డిస్కు పక్కన తగిలించి మళ్లీ లేపింది. పక్కకెవరో కొత్తవాళ్లొచ్చారని అతిథి గమనించింది. డ్రైవర్ అడిగింది. ఆపా ఇచ్చింది. తీసుకుంది. మళ్లీ ఆపి, బుల్లిదాన్ని తీసేసి, పెద్ద డిస్కును కొత్త రకానికి మార్చి, "నొక్కు" అంది.

సుచరిత ఒక కన్ను మూసుకుని నొక్కింది. నీలం తెర రాలేదు. కళ్లు చెదిరే వేగంతో ముఖచిత్రం తెరుచుకుంది. చేటలో బీడీ ఆకులతో, బీడీలు చుట్టే ఖాజాబీ పకపకా నవ్వుతోంది.

"లేచిందాపా!" సుచరిత కుర్చీతో సహా గిర్రున తిరిగింది.

పేజీలు ప్రెస్సుకు వెళ్లాయి. "అందాయమ్మా," అని ఓనరు ఫోన్‌లో అన్నాడు, ఎమ్మెల్యేగారి చేత తనే మాట పడబోతున్నట్టు. ఆడవాళ్లిద్దరూ ఫోన్ పెట్టేసేదాకా నవ్వాపుకున్నారు.

నవ్వు తగ్గాక సుచరిత అడిగింది. "ఆపా, ఆ బుల్లి డిస్కులో ఏముంది?"

"ఏమీ లేదు. అందుకే మన ముసల్ది భయపడలేదు."