ఏదుపంది మూసిన కాలువలు

అనగనగా ఒక అడవి. అందులో వాగు పక్క పల్లంలో ఒక ఏదుపంది తన మూడు పిల్లలతో ఉండేది. ఏదుపంది అంటే ఒళ్లంతా ముళ్లుండే జంతువు. వెనకటివాళ్లు దాని ముల్లుతో ఆడవాళ్లకు పాపిడి తీసేవారు. సరే, ఆ ముచ్చట మరోసారి.

నిరుడు వానలు ఎగ్గొట్టాయి. చిలగడదుంప తీగలు ఎండిపోయాయి. చలికాలమంతా పిల్లలు చెట్ల బెరడు నమిలాయి. ఆ చప్పుడు తల్లి చెవుల్లోంచి పోలేదు.

అందుకే ఈ ఏడు మట్టి ఎగదోసి, వరసగా ఎత్తైన గట్లు కట్టింది. గట్ల మీద తీగలు నాటింది. గట్ల మధ్య కాలువలు తీసింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ నీళ్లు వాగులోకి జారిపోతాయన్న భయంతో కాలువల చివరలన్నీ మట్టితో మూసేసింది.

వాగులోంచి ఎండ్రకాయ అడ్డంగా నడుస్తూ వచ్చింది.

“ఇదేం పని అక్కా? గట్టు కట్టేదే దుంప నానకుండా. నీళ్లు పోయే దారి మూస్తే ఎలా? చిన్న బొక్క చేయనా?”

“నీ బొక్కలకో దండం తమ్ముడూ! నీళ్లలో పుట్టినవాడివి, కరువంటే నీకేం తెలుసు?” అంది ఏదుపంది.

మొదటి వానకు కాలువల అడుగు తడిసింది. తల్లి మురిసిపోయింది. రెండో వానకు గట్లు సగం మునిగాయి. ‘తీద్దామా?’ అనుకుంది. ‘రేపట్నుంచి ఎండలు కాస్తేనో?’ అని ఆగింది. మూడో వాన పట్టు విడవలేదు. నీళ్లు గట్ల అంచుకొచ్చాయి. ఆకులు పసుపెక్కాయి. తల్లి కాలువ చివరకు పరుగెత్తేది. మట్టి మీద కాలు వేసేది. మళ్లీ వెనక్కి వచ్చేసేది.

“తీసెయ్యవే అమ్మా!” అంది పెద్ద పిల్ల.

“పోయిన నీళ్లు మళ్లీ వస్తాయిటే?”

“ఇంకా ఆలోచనేనా అక్కా?” అని ఎండ్రకాయ అరిచింది. “నీ దుంపలు నాకే ఈత నేర్పేలా ఉన్నాయి!”

అప్పుడు గాలిలో కుళ్లు కంపు తేలివచ్చింది. తల్లి నాలుగు కాళ్లతో కాలువల చివరి మట్టిని తవ్విపోసింది. నీళ్లు భళ్లున వాగులో పడ్డాయి.

తవ్వి చూస్తే పల్లపు గట్లలో దుంపలన్నీ ముద్దముద్దగా ఉన్నాయి. మెరక వైపు రెండు గట్లలోనే గట్టి దుంపలు మిగిలాయి.

చిన్న పిల్ల ఒక దుంప అందుకుంది. “ఇదంతా నాదేనా అమ్మా?”

తల్లి మిగతావి చలికాలానికని పక్కన పెట్టి, దాన్ని మూడు ముక్కలు చేసింది.

“మరి నీకు?”

తల్లి కుళ్లిన దుంపల్ని ఒక్కొక్కటే తిప్పుతూ, చెడకుండా మిగిలిన కొన కోసం వెతుక్కుంటోంది.

నీతి: నిరుటి భయంతో ఈ ఏటి పని చేయకూడదు. కూడబెట్టడం ఎంత అవసరమో, వేళకు విడిచిపెట్టడమూ అంతే అవసరం.