లేయమ్మ గూడు

రెల్లుపాలెం చర్చి వెనక దొడ్డిలో ఒక ముసలి ఎద్దు, నాలుగు మేకలు, ఒక బాతు, ఒక గిన్నీకోడి ఉండేవి. ఆదివారం గంట మోగగానే లోపల మనుషులు, వెనక నేరేడు చెట్టు కింద ఇవీ ప్రార్థనకు కూడేవి.

ప్రార్థన నడిపించేది బాతు దోర్కమ్మ. మనసు వెన్న. మేకకు కాలు బెణికితే పది రోజులు పచ్చిగడ్డి మోసుకెళ్ళి తినిపించింది. కానీ ఎవరైనా కాస్త చాటుకు వెళితే ఆమెకు నిద్ర పట్టదు.

గిన్నీకోడి లేయమ్మ రెండు వారాలుగా ప్రార్థనకు రావడం లేదు.

"దానికేదో కష్టం వచ్చింది తాతా, వెళ్ళి చూస్తాను" అంది దోర్కమ్మ.

ఎద్దు నతానియేలు నెమరు ఆపి, "పిలిచిందా?" అని అడిగాడు.

"పిలిస్తేనే వెళ్ళాలా? ప్రేమ ఉన్నవాళ్ళు ఊరుకుంటారా?"

"ప్రేమ ఉన్నవాళ్ళే ఊరుకోగలరమ్మా. పిలవని పేరంటానికి పోకు."

దోర్కమ్మ వినలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం లేయమ్మ నీళ్ళకు వచ్చినప్పుడు వెనకాలే నడిచింది. కాలవ గట్టున మొగలి పొద. ముళ్ళాకులు తోసుకుని తల లోపల పెట్టింది. ఎండుటాకుల మీద పదకొండు గుడ్లు, వాటి మీద రెక్కలు పరిచి లేయమ్మ.

"అమ్మ దొంగా! ఇదా సంగతి!"

లేయమ్మ గుడ్లను రెక్కలతో ఇంకా దగ్గరికి లాక్కుంది. "అక్కా, నెమ్మదిగా. నీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపో."

"నేను పరాయిదాన్నా? విశ్వాసుల మధ్య దాపరికమేంటి చెల్లీ?"

"దాపరికం కాదక్కా. కిందటేడు గుడ్లన్నీ వరద పాలయ్యాయి. అప్పుడు అందరూ వచ్చి ఓదారుస్తుంటే నాకు ఏడవడానికి కూడా చోటు దొరకలేదు. ఈసారి నేనూ దేవుడూ, అంతే. ఇంకో పది రోజులు నన్ను నా మానాన వదిలెయ్యి. ఎవరికీ చెప్పకు."

"ఛ ఛ, ఎందుకు చెబుతాను? ప్రార్థనలో తప్ప."

ఆ చివరి మాట అనడం అనేసి, దోర్కమ్మ తృప్తిగా వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. దోర్కమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "ప్రభువా, మా సోదరి లేయమ్మను జ్ఞాపకం చేసుకో. ఆమె కష్టమైన స్థితిలో ఉంది..."

కంచె అవతల నుంచి ఒక గొంతు గద్గదంగా వినిపించింది. "అమ్మగారూ, ఏ కష్టమో తెలిస్తే నేనూ భారంతో ప్రార్థిస్తాను."

ముంగిస. తల వంచుకుని, కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"దోర్కమ్మా, వద్దు!" అన్నాడు ఎద్దు. "పెదవి దాటితే పృథివి దాటుతుంది."

"పాపం, దాని కన్నీళ్ళు చూడు తాతా! మారుమనసు పొందినదాన్ని తోసేస్తామా?" అని దోర్కమ్మ గొంతు పెంచింది. "ప్రభువా, కాలవ గట్టు మొగలి పొదలో ఉన్న ఆ పదకొండు గుడ్లనూ కాపాడు. మరీ ముఖ్యంగా మిట్టమధ్యాహ్నం ఆమె నీళ్ళకు వెళ్ళే ఆ కాసేపు..."

"ఆమేన్" అంది ముంగిస, అందరికన్నా గట్టిగా.

సోమవారం మధ్యాహ్నం కాలవ గట్టున లేయమ్మ అరుపు విని దోర్కమ్మ పరుగెత్తింది. పొద నిండా పగిలిన పెంకులు. ఒకదాంట్లో అప్పుడప్పుడే ఈకల గుర్తులు పడుతున్న పిల్ల, సగం. లేయమ్మ ఆ పెంకు మీద రెక్కలు పరిచి పొదుగుతూనే ఉంది.

"చెల్లీ! నా చేతులారా..." దోర్కమ్మ కావలించుకోవడానికి ముందుకు ఉరికింది.

"రాకు అక్కా."

"నన్ను క్షమించు తల్లీ! ఒక్కసారి..."

"క్షమించాను. దేవుడి సాక్షిగా క్షమించాను. కానీ దగ్గరికి రాకు."

దోర్కమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. ఓదార్చడం తప్ప ఆమెకు వేరే పని తెలియదు. ఆ పని చేయకుండా నిలబడటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. పొద్దు వాలేదాకా ఆ గట్టు మీదే, పది అడుగుల దూరంలో, మాట లేకుండా కూర్చుంది.

మూడో రోజు పొద్దున మొగలి పొద ఖాళీగా ఉంది.

"లేయమ్మ వెళ్ళిపోయింది" అన్నాడు ఎద్దు. "తెల్లవారుతుండగా నాతో చెప్పి వెళ్ళింది."

"ఎటు..." అనబోయి దోర్కమ్మ నోరు మూసుకుంది. ఎద్దు ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు తాతా. నాకు చెప్పకు."

తలుపు తట్టి, తీసేదాకా బయటే నిలబడే ప్రభువును కొలిచేవాళ్ళు, ప్రేమ పేరు చెప్పి ఎవరి గుండెలోకీ చొరబడకూడదు.