అద్దం మూటమీది మాట

మొగలిరేవు రాజావారికి ఓడలమీద వచ్చే దొరల భాషలంటే కొత్తగా పిచ్చి పట్టింది. ఒకనాడు హాలెండు దొర కానుకిచ్చిన నిలువుటద్దం రేవునుంచి మూటగా సభకు వచ్చింది. రాజావారు అద్దాన్ని పక్కన పెట్టించి, మూటగుడ్డ కొస పట్టుకున్నారు. దానిమీద నల్లగా ఒక సున్నా, పక్కన ఒక గీత.

ఇది ఏ భాష మాట అని ముసలి దుబాసీ అచ్యుతయ్యను అడిగారు. ఆయన కళ్లు చికిలించి చూసి, తెలియదన్నాడు. అలా అనడానికి చదువొక్కటే చాలదు, నిగ్రహం కావాలి. రాజావారికి మాత్రం కోపం వచ్చింది. దీని సంగతి చెప్పినవాడికే దుబాసీ కొలువు, అచ్యుతయ్య సాయంత్రానికల్లా ఇంటికి పోవచ్చు అన్నారు.

పదిరోజులుగా కోటలో తింటున్న అతిథి బహుభాషా వాచస్పతి లేచాడు. దొరల అక్షరాల్లో అది ‘ఓల్’ అట. పోర్చుగీసులో సముద్రమట. సముద్రం దాటి వచ్చిన అల్లుణ్ణి ఫ్రెంచివాళ్లు అలా పిలుస్తారట. ఆ అల్లుడికి పెట్టే జున్నుకు హాలెండులో అదే పేరట. అన్నిటికీ మూలం లాటిను, అక్కడ దానికర్థం చక్రవర్తి అని ముగించాడు. రాజావారు మురిసిపోయి తలపాగా సవరించుకున్నారు.

కోట బట్టలు చూసే సింగన్న ఆ గుడ్డను ఎప్పుడో గుర్తుపట్టాడు. నోరు విప్పితే రాజావారి ముచ్చట చెడుతుంది. విప్పకపోతే నిజం చెప్పినవాడి కూడు పోతుంది. లేచి నిలబడ్డాడు.

“వాచస్పతిగారూ, ఈ మాట మన ఊళ్లో ఇంకెక్కడైనా ఉందాండీ?”

“ఇక్కడ దీన్ని చదివిన కళ్లు నావి రెండే నాయనా.”

“అయితే ఆ కళ్లతోనే మీ ఉత్తరీయం కొస ఒకసారి చదవండి.”

తిప్పి చూసుకున్నాడు. సున్నా, గీత.

బట్టలుతికే పైడమ్మను పిలిపించారు. ఉతికినా పోని నల్లజీడి రసంతో ఆ గుర్తులు పెట్టింది తనేనని ఒప్పుకుంది.

“సున్నా అంటే కోటలో బట్టండి. గీత అంటే నూనె మరక, నానబెట్టాలని. అద్దానికి చుడతామని రేవువాళ్లు పట్టుకుపోయిన దుప్పటే ఇది.”

రాజావారు మెల్లగా తన కండువా కొస ఎత్తి చూసుకున్నారు.

“మరి నాది?”

“తమరిదీ అంతేనండి. మొన్నటి పులిహోర.”

ముందు నవ్వింది రాజావారే. తరవాత సభంతా గొల్లుమంది. అచ్యుతయ్య కొలువు అచ్యుతయ్యకే ఉంది. నిలువుటద్దం సింగన్నకు దక్కింది. చక్రవర్తిని నానబెట్టమని మూటగుడ్డ వాచస్పతి చేతికిచ్చి పైడమ్మ వెంట పంపారు.