మూత వేసిన నీటిబొట్టు

అనగనగా ఒక అడవి. అడవి నడుమ నిటారుగా ఒక ఎర్రకొండ. ఆ కొండ చరియకి, చీర ఆరేసినట్టు, పెద్ద తేనెపట్టు ఒకటి వేలాడుతుండేది.

పట్టులో తేనెటీగలన్నింటికీ పెద్దది మైనక్క. ఎగిరి ఎగిరి దాని రెక్కల అంచులు చిరిగిపోయాయి. అన్నింటికీ చిన్నది పుప్పి. అది కొత్తగా ఎగరడం నేర్చింది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు! మధ్యాహ్నమయ్యేసరికి కొండ పెనంలా కాలేది. చెట్లు, రాళ్లు, దూరపు గుట్టలు అన్నీ వేడిగాలిలో సన్నగా ఊగేవి. అడవి నిద్రపోతూ కల కంటున్నట్టు ఉండేది.

ఒకరోజు పట్టు కింది మూలన మైనం మెత్తబడింది. ఆ మూల గదుల్లో ఇంకా రెక్కలు రాని పసిపిల్లలున్నాయి.

"నీళ్లు తేండర్రా! గదుల మూతల మీద పల్చగా పూయండి. రెక్కలతో విసరండి!" అంది మైనక్క.

వాగు ఎండిపోయింది. రెండు గుట్టల అవతల ఒక్క చెలమ మిగిలింది. పుప్పి అంతదూరం వెళ్లి నోటినిండా నీళ్లు తెచ్చింది. పూసింది. విసిరింది. చూస్తుండగానే తడి మాయమైంది.

మళ్లీ వెళ్లింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ మాయం.

మూడోసారి చెలమ దగ్గరికి వెళ్లేసరికి పుప్పికి ఏడుపొచ్చింది. అక్కడ ఒక ఎలుగుబంటి కాళ్లు చాపుకుని కూర్చునుంది.

"ఏం పిల్లా, అలా రొప్పుతున్నావు?" అంది ఎలుగు.

"ఎంత మోసినా నీళ్లు నిలవడం లేదు, ఎలుగుమామా. ఎటు పోతున్నాయో!"

"ఎటేమిటి? గాలి తాగేస్తోంది. గాలంత దొంగ ఇంకెవరూ లేరు. ఆ నీళ్లు ఖాళీ గదిలో పోసి మైనంతో మూత పెట్టెయ్. చుక్క కూడా పోదు."

"నిజంగానా?"

"నా బొచ్చు మీద ఒట్టు!"

పుప్పికి ఆ మాట నచ్చింది. తిరిగొచ్చి నీటిబొట్టును ఒక గదిలో పోసి మూత వేసింది. కింది మూలన పనిచేసే తోటి పిల్లలకీ చెప్పింది. అందరూ నీళ్లు దాచేశారు. విసరడం మానేసి నీడకు చేరారు. పుప్పి మాటిమాటికీ వెళ్లి మూత తట్టి చూసుకుంది. బొట్టు భద్రంగా ఉంది. ఎంత హాయి! దాని కళ్లు మూతలు పడ్డాయి.

టప్.

పుప్పి ఉలిక్కిపడి లేచింది. మైనం బొట్టుబొట్టుగా కారుతోంది. కింది మూల సాగి వంగిపోతోంది. అంచున ఉన్న తేనెగది ఒకటి ఊడి జారిపడింది. కింద ఎలుగుబంటి నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"మైనక్కా! మైనక్కా!" అని అరిచింది పుప్పి.

మైనక్క వచ్చింది. "ఇక్కడ తడి ఏదమ్మా?"

"దాచాం... పోకుండా," అంది పుప్పి, తల దించుకుని.

మైనక్క కోప్పడలేదు. "మూతలు తీయండి. తొందరగా పూయండి," అని తనే ముందు నిలబడి చిరిగిన రెక్కలతో విసరసాగింది. అందరూ విసిరారు. ఝుమ్మని ఒకటే నాదం. ఆ నాదంలోంచి మైనక్క గొంతు మెల్లగా వినిపించింది.

"నీళ్లలో కంటికి ఆనని రవ్వలు కోటానుకోట్లు ఉంటాయి పుప్పీ. వాటిని అణువులంటారు. అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఎప్పుడూ జారుతూ తిరుగుతుంటాయి. వేడి తగిలితే ఇంకా జోరుగా ఆడతాయి. అన్నిటికన్నా జోరైనవి గాలిలోకి ఎగిరిపోతాయి. పోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతాయి. మిగిలినవి నెమ్మదిస్తాయి. అలా నెమ్మదించడమే చల్లబడడం."

పుప్పి కళ్లు సగం మూసుకుని విసురుతోంది. దానికి ఆ అణువులు కనిపిస్తున్నట్టే ఉంది. చిన్న చిన్న వెలుగు చుక్కలు మూత మీద నుంచి లేచి, తన రెక్కల మధ్యగా, నీలాకాశంలోకి తేలిపోతున్నాయి.

"మరి మూత వేస్తే?" అని అడిగింది.

"ఎగిరినవి మళ్లీ ఆ నీళ్లలోనే వచ్చి పడతాయి. వేడి ఎక్కడికీ పోదు. మనం నీళ్లు మోసింది దాచుకోడానికి కాదు తల్లీ, పంపడానికి."

కింది మూల మెల్లమెల్లగా చల్లబడింది. కారడం ఆగింది. పిల్లలు దక్కాయి. ఎలుగుబంటి చాలాసేపు చూసి, మూతి నాక్కుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది.

సాయంకాలం పుప్పి ఆ మూలను తాకి చూసింది. కాస్త వంకరగా ఉంది కాని, గట్టిగానే ఉంది.

"కరిగిన మైనం మళ్లీ మైనమెలా అయింది, మైనక్కా?"

"అది వేరేది ఎప్పుడైంది గనక? వేడికి దాని అణువులు పట్టు వదిలి జారాయి. చల్లబడ్డాక మళ్లీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఇప్పుడు నిలబడ్డ చోటే సన్నగా వణుకుతూ ఉంటాయి. అవే అణువులు. ఒక్కటీ చావలేదు," అంది మైనక్క. ఆ మాట అంటూనే ఒరిగిపోయి కూర్చుంది. దాని రెక్కలు ఆ పూటతో పూర్తిగా చిరిగిపోయాయి. ఇక అది ఎగరలేదు.

పుప్పి చాలాసేపు దాని పక్కనే కూర్చుంది. ఏడ్చింది. మైనక్క తన మీసంతో దాని తల నిమిరింది.

మర్నాడు మళ్లీ అదే ఎండ. పుప్పి అందరికన్నా ముందు లేచి చెలమకు వెళ్లింది. మొదటి బొట్టు తెచ్చి మైనక్క నోట పోసింది. రెండో బొట్టు పిల్లల గది మూత మీద పల్చగా పూసి విసిరింది. తడి పలచబడింది, పలచబడింది, కనిపించకుండా పోయింది.

"వెళ్లిరండి," అంది పుప్పి మెల్లగా.

ఆ మూత కింద పసిపిల్ల చల్లగా కదిలింది.

నీతి: కళ్ల ముందు నుంచి పోయిందల్లా వృథా అయినట్టు కాదు. దాచిపెట్టిన మంచి కన్నా, పంచిపెట్టిన మంచే పదిమందినీ కాపాడుతుంది.