కవిలెలమ్మ గుడిలో అయిదుగురి ఎన్నిక

కవిలెకొండ మెట్లెక్కి వచ్చే భక్తులకు అమ్మవారి కంటే ముందు నల్లరాతి గది కనిపిస్తుంది. చుట్టుపక్కల అయిదూళ్ళ పాత తాటాకు పత్రాలు, అనగా కవిలెలు, ఆ గదిలోనే భద్రంగా ఉన్నాయి. వాటిని కాచే తల్లి గనుక ఇక్కడి దేవి కవిలెలమ్మ అయింది.

పూర్వం ఇక్కడ ఈ గదికి అయిదుగురు కాపరులుండేవారు. వారిని నియమించేదీ, తొలగించేదీ ఈ సీమనేలే మాదప్ప దొరే. ఒక వేసవిలో ఆయన కన్ను కొండ కింది పచ్చిక బీడుపై పడింది. ఆ బీడు అయిదూళ్ళ ఉమ్మడి సొత్తని ఒక కవిలె చెబుతోంది. ఆ కవిలెను కాల్చమంటే నలుగురు కాపరులు ఒప్పుకోలేదు. దొర వారిని ఉన్నపళంగా తీసివేసి, తన బావమరుదులను నియమించాడు. ఏ ఆకు ఏదో చదివి చెప్పాలి గనుక అయిదో కాపరి ఉమ్మక్కను మాత్రం ఉంచాడు.

ఆ కవిలెను కాల్చనివ్వకూడదని ఆమె అనుకుంది. కొత్త కాపరులు మెట్లెక్కుతుండగానే గదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకుంది.

రెండోరోజుకే కుండలో నీళ్ళు అడుగంటాయి. గదినే తగలబెట్టాలని భటులు టేకు తలుపుకు ఎండుగడ్డి పేర్చారు. ఆ బీడులో మందలు మేపుకునే గొల్ల ఓబయ్య తనవాళ్ళతో వచ్చి ఆ గడ్డి మీదే కూర్చున్నాడు.

"అక్కా, మేమున్నాం!" అని కేకవేశాడు.

"లేవండయ్యా, కాలిపోతారు!" అని లోపలినుండి ఉమ్మక్క ఏడ్చింది. ఒక్కరూ లేవలేదు.

మూడవనాటి మధ్యాహ్నం దాహంతో సొమ్మసిల్లిన ఆమెకు అమ్మవారు కలలో కనిపించి, "అటక మీది ఎర్రగుడ్డ కట్ట విప్పు" అని ఆనతిచ్చింది. ఉమ్మక్క లేచి, కట్ట విప్పి చదివి, అందులోని ఒక ఆకుతో తలుపు దగ్గరికి వచ్చింది. అప్పటికే దొర కాగడాతో తలుపు ముందుకు వచ్చాడు.

"దొరా! మీ తాతగారికి ఈ సీమను రాసిచ్చిన ఆకు నా చేతిలో ఉంది. దీనికి మరో ప్రతి లేదు. ఇక అంటించండి. రేపు ఎవరైనా వచ్చి ఈ సీమ మీదెలా అయిందని అడిగితే ఏం చూపిస్తారు?"

దొర ఎత్తిన కాగడాను దించాడు. దాన్ని ఇసుకలో గుచ్చి ఆర్పాడు. "నీకేం కావాలి?"

"కాపరులను ఊళ్ళు ఎన్నుకోవాలి. వారిని మీరు తీసివేయకూడదు."

దొర ఆ మాటే కొత్త ఆకుపై రాయించి ముద్ర వేశాడు. బయటికి వచ్చిన ఉమ్మక్కను పెద్దకాపరిగా ఉండమని జనం బతిమాలారు. ఆమె ఒప్పుకోలేదు. "నేనొక్కదాన్నే తలుపు మూసేయగలిగాను కదయ్యా. రేపు ఇంకొకరు చెడ్డపనికి మూస్తే? ఏ ఒక్కరి చేతిలోనూ ఇది ఉండకూడదు." అప్పుడే లోపలి గడియ ఊడదీసి, బయట అయిదు తాళాలు వేయించారు.

నేటికీ మూడేళ్ళకొకసారి మాఘ పౌర్ణమినాడు, ఊరికొకరు చొప్పున అయిదుగురిని చేతులెత్తి ఎన్నుకొని, అమ్మవారి ఎదుట తలా ఒక తాళంచెవి ఇస్తారు. అధికారంలో ఉన్నవారి బంధువులు ఇందుకు పనికిరారు. అన్యాయంగా నేల పోగొట్టుకున్నవారు ఇక్కడ మొక్కుకుంటే న్యాయం దక్కుతుందని నమ్మకం. అడిగినవారు ఎవరైనా సరే, అయిదుగురూ వచ్చి తలుపు తీసి, కోరిన ఆకును పైకి చదివి వినిపించాలి. కాదనే అధికారం వారికి లేదు.